మునెమ్మ మేస్త్రీ చెప్పిన లెవెల్

మొన్న గుడియాత్తంలో ఒక ఇంటి పని మధ్యలో లెవెల్ చూసే లేజరు మిషను బ్యాటరీ అయిపోయింది. గోడ మీద ఎర్ర గీత రెండుసార్లు మిణుకుమని ఆరిపోయింది. కరెంటు కూడా లేదు. మేస్త్రీలు చేతులు కట్టుకుని నా వంక చూస్తుంటే, సామాన్ల గదిలో మూలన పడి ఉన్న పాత ట్యూబు తెప్పించాను. వేలి లావున ఉండే, లోపలి నీళ్ళు కనబడే తెల్లటి ప్లాస్టిక్ ట్యూబు, మూడు గదులు దాటి వెళ్ళేంత పొడవు. ఒక కొన బకెట్లో ముంచి, రెండో కొన నోట్లో పెట్టుకుని గట్టిగా పీల్చాను. ఎండకు కాగిన ప్లాస్టిక్ రుచి, దాని వెనకాలే సిమెంటు చేదు. ఉమ్మేసి మూతి తుడుచుకున్నాను. ఆ రుచి నాలుక మీద ఉండగానే మునెమ్మ గుర్తొచ్చింది. గుర్తొచ్చిందంటే, పక్కన నిలబడి "మింగద్దు పాపా, ఉమ్మేయ్" అని కసిరినంత దగ్గరగా గుర్తొచ్చింది.

మునెమ్మను మీరెవరూ చూసి ఉండరు. ఆమె కట్టిన ఇళ్ళు వేలూరు చుట్టుపక్కల చాలా ఉన్నాయి కానీ, ఇల్లు చూసి కట్టినవాళ్ళ పేరు అడిగేవాళ్ళెవరు? గుడియాత్తంలో తరతరాలుగా ఇళ్ళు కట్టే తెలుగువాళ్ళ కుటుంబం ఆమెది. సిమెంటు తట్టలు మోసే ఆడకూలీని మా వైపు సిత్తాలు అంటారు. ఆమె కూడా సిత్తాలుగానే మొదలుపెట్టింది. మేస్త్రీగా ఉన్న భర్త పోయాక, ఆయన తాపీ తను పట్టింది. ఆడమనిషి గోడ కడితే నిలుస్తుందా అని నవ్వినవాళ్ళు కొన్నాళ్ళు నవ్వి మానేశారు, గోడలు మాత్రం నిలిచాయి. నేను చూసేనాటికి ఆమెకు యాభై దాటింది. పొట్టి మనిషి, చీర మీద మగవాళ్ళ చొక్కా, నోట్లో ఎప్పుడూ ఆకూ వక్కా. కోపం వస్తే తెలుగులో మొదలుపెట్టి తమిళంలో ముగించేది. ఆమెకు ఏ భాషలోనూ చదవడం రాదు.

నా సంగతీ చెప్పాలి. మాది పరదరామి దగ్గర పల్లె. ఇంట్లో తెలుగు, బళ్ళో తమిళం. తెలుగు అక్షరాలు ఉద్యోగంలో చేరాక చిత్తూరు బస్సుల బోర్డులు కూడబలుక్కుంటూ నేర్చుకున్నాను. మా ఇంట్లో మొదటి డిప్లొమా నాది. సివిల్ డిప్లొమా చేతిలో పెట్టుకుని, బాగాయంలో ఇల్లు కడుతున్న ఒక ఇంజనీరు దగ్గర సూపర్‌వైజరుగా చేరాను. ఏమీ లేని విస్తరి ఎగిరెగిరి పడుతుందంటారు కదా, ఆ విస్తరిని నేనే. కొత్త బూట్లు, మెడలో టేపు, చంకలో నోటు పుస్తకం. మొదటిరోజే, అక్కడ మేస్త్రీగా ఉన్న మునెమ్మ ట్యూబు నా ముందు పెట్టింది.

"ఇది తెలుసునా?"

"కాలేజీలో పెద్ద మిషన్లతో సర్వే చేశాం. ఇది పాత పద్ధతి కదా."

"నీళ్ళకి పాతా కొత్తా యాడిది. ఈ కొన నువ్వు పట్టుకో, ఆ కొన మంగ పట్టుకుంటాది. పొయ్యే ముందర రెండు కొనలూ పక్కపక్కన పెట్టి చూడాల. రెండిట్లో నీళ్ళు ఒకటే ఎత్తులో నిలిచినాయా, సరి, పో. మార్కు పెట్టినాక తిరిగొచ్చి మళ్ళీ కలిపి చూడాల. నడాన యాడన్నా గాలి బుడగ దూరింటే నీళ్ళు అబద్ధం చెప్తాయి."

ఎదురుగా ఉన్న మంగమ్మ నవ్వింది. మంగమ్మ అప్పట్లో సిత్తాలు. నాకంటే పదేళ్ళు పెద్ద. మొగుడు గోడకు కట్టిన కర్రల సారువ మీద నుంచి పడి కాలు విరిగి ఇంట్లో ఉన్నాడు, ఇల్లంతా ఆమె కూలి మీదే నడుస్తోంది. ట్యూబు రెండో కొన ఎప్పుడూ ఆమెదే. గోడ మూల తిరిగి, ఇసుక కుప్ప దాటి, ఎక్కడో కనబడని చోట నిలబడి, ఇటునుంచి "పైకి, ఇంకొంచెం, ఆగు" అని అరిస్తే దాన్ని బట్టి చేయి ఎత్తడం, దించడం ఆమె పని. ఇటువైపు నిలబడి మార్కు పెట్టేవాడు మేస్త్రీ, లేదా నాబోటి చదువుకున్నది.

కొన కలిపి చూడడం మునెమ్మకు ఆచారం. మిగతా మేస్త్రీలు పొద్దున ఒకసారి చూసి వదిలేసేవాళ్ళు. ఆమె ప్రతి మార్కుకూ ముందూ వెనకా చూసేది. దానివల్ల పని ఆలస్యమవుతోందని ఇంజనీరు విసుక్కునేవాడు. నాకూ లోపల విసుగే. చిన్నపిల్లలకు చేతులు కడుక్కున్నారా అని అడిగినట్టు ఉండేది.

ఒకరోజు టీ తాగుతున్నాం. ఇంజనీరు మెట్ల మీద నిలబడి ఫోనులో ఎవరితోనో అంటున్నాడు, "మన లెవెలే వేరు సార్." మునెమ్మ గ్లాసు కింద పెట్టింది.

"ఈయన నోరు తెరిస్తే లెవెల్ అంటాడు. ఒక్క దినమన్నా ట్యూబు పట్టినోడు కాదు."

"అది వేరే పెద్దమ్మా. మనిషి గొప్పతనం గురించి చెప్తున్నాడు. ఇంగ్లీషులో అట్లా కూడా వాడతారు."

"ఇంగ్లీషా?"

ఆమె నిజంగా ఆశ్చర్యపోయింది. తెలుగువాడూ, తమిళుడూ, ఉత్తరాది నుంచి టైల్సు పనికి వచ్చే హిందీవాడూ అందరూ అదే మాట అంటారు కాబట్టి, అది పనిచేసేవాళ్ళ సొంత మాటని ఇరవై ఏళ్ళుగా అనుకుంటోంది. కాసేపు వక్క నమిలి, "సరే, ఇంగ్లీషోళ్ళు గూడా ఇల్లు కట్టుకోవల్ల గదా" అని మాటను వాళ్ళకు వదిలేసింది. తర్వాత అసలు సంగతికి వచ్చింది.

"మనుసులకి ఆ మాట చెప్పద్దని నేను అనల్యా పాపా. చెప్పొచ్చు. అయితే ఒక్క కొన పట్టుకోని చెప్తే అది లెవెల్ కాదు. ఎత్తు అంటే ఎత్తు అను, గొప్ప అంటే గొప్ప అను. లెవెల్ అన్నావంటే ఆ పక్క ఎవురుండారు, వోళ్ళ నీళ్ళు యాడ నిలిచినాయి, అది గూడా చూసి చెప్పాల."

నాకు నవ్వొచ్చింది. డిక్షనరీ తెచ్చి చూపిద్దామా అనుకున్నాను. ఆ మాటను ఇంజనీరు వాడినట్టే నేనూ వాడుతున్నదాన్ని. ఊళ్ళో మా అమ్మ "సిత్తాళ్ళతో కూర్చోని తింటావంట గదా" అని అడిగితే, "వాళ్ళ లెవెల్ వేరు, నా లెవెల్ వేరు, నేను ఆఫీసు గదిలో తింటాను" అని చెప్పి వచ్చాను. అదీ అబద్ధమే, మా సైటులో ఆఫీసు గది లేదు.

తప్పు జరిగింది వెనక వసారా దగ్గర. ఇంటి యజమాని రిటైరైన టీచరమ్మ, ఒంటరి మనిషి. వంటింటి వెనక పొడుగాటి వసారా కావాలని, అక్కడే గిన్నెలు తోముకుని బట్టలు ఉతుక్కుంటానని అడిగింది. వంటింటి గుమ్మం ఒక చివర, నీళ్ళు బయటికి పోయే తూము రెండో చివర. నేల తూము వైపు వాలాలి. ఆ రోజు మునెమ్మ పళ్ళికొండలో స్లాబు వేయించడానికి వెళ్తూ, వసారా మార్కులు నాకు అప్పగించింది. ఇంజనీరు పన్నెండింటికి వస్తానన్నాడు. ఆయన వచ్చేలోగా మొత్తం పూర్తిచేసి చూపించాలని నా ఆరాటం. మంగమ్మ రెండో కొన పట్టుకుని ఇంటిని చుట్టి తూము దగ్గరికి వెళ్ళింది. మధ్యలో సిమెంటు బస్తాల మీదుగా ట్యూబు ఎక్కి దిగింది. ఇటు నా చేతిలో నీళ్ళు ఎగిరెగిరి నిలవడం లేదు. గోడ అవతల నుంచి మంగమ్మ గొంతు వినబడింది.

"పాపా, నీళ్ళు ఊగతా ఉండాయి. గాలి దూరినట్టుండాది. ఒకసారి కలిపి చూస్తామా?"

"నీ పని నువ్వు చూసుకో మంగక్కా. పట్టుకో అంటే పట్టుకో."

ఆ మాట ఇవాళ రాస్తుంటే కూడా నాకు సిగ్గుగా ఉంది. మార్కు పెట్టేశాను. మంగమ్మ తిరిగొచ్చాక కూడా కొనలు కలపలేదు. ఇంజనీరు వచ్చి, పని తొందరగా అయిందని మెచ్చుకున్నాడు. మర్నాడు మునెమ్మ తాపీ చేతిలో పట్టుకుని, నేల వేసే ముందు నన్ను అడిగింది.

"రెండు కొనలూ కలిపి చూసినావు గదా?"

"చూశాను పెద్దమ్మా."

మంగమ్మ ఆ పక్కనే ఇసుక జల్లెడ పడుతోంది. తల ఎత్తలేదు. మునెమ్మ నా మాట నమ్మి నేల వేసింది. అంత అందమైన నేల నేను మళ్ళీ చూడలేదు. ఎర్ర రంగు కలిపి, చేత్తో నున్నగా తీసి, అంచున నల్లటి గీత పెట్టింది.

పది రోజులకు టీచరమ్మ చూడటానికి వచ్చింది. ఇంజనీరు ఉషారుగా ఒక బకెట్టు నీళ్ళు తెప్పించి వసారా మధ్యలో పోయించాడు. నీళ్ళు ఒక్క క్షణం నిలబడి, మెల్లగా తిరిగి, తూముకు వీపు పెట్టి వంటింటి గుమ్మం వైపు పారడం మొదలుపెట్టాయి. అందరం చూస్తూ ఉండిపోయాం. టీచరమ్మ చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని పక్కకు జరిగింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, నా చేయి దానంతటదే నోటు పుస్తకాన్ని వెనక్కి దాచింది.

ఇంజనీరు ముఖం ఎర్రబడింది. ఆయన మాట్లాడేది తమిళం, నేను తెలుగులో రాస్తున్నాను. "మార్కులు పెట్టినప్పుడు ఆ చివర ట్యూబు పట్టుకున్నదెవరు?" అని అడిగాడు. నేను పెట్టిన మార్కని ఆయనకు తెలుసు. అయినా ఆయన అడిగింది ఆ చివర గురించే. ఎవరో మంగ పేరు చెప్పారు. "ఆ లెవెల్ మనుషులకు ట్యూబు ఇస్తే ఇట్లాగే ఉంటుంది. రేపటి నుంచి ఆమెను రానీయకండి" అన్నాడు.

మంగమ్మ తల ఎత్తింది. నా వంక చూసింది. నేను నేల మీది నీళ్ళ వంక చూస్తున్నాను. నోరు తెరిస్తే ఉద్యోగం పోతుంది, పరదరామికి తిరిగి పోవాలి, డిప్లొమా పిల్ల పది వారాలు కూడా నిలవలేదని ఊరంతా చెప్పుకుంటారు. నోరు మూసుకుంటే మంగమ్మ ఇంట్లో పొయ్యి వెలగదు. రెండూ నాకు స్పష్టంగా తెలుసు. తెలిసే నోరు మూసుకున్నాను.

మునెమ్మ వెళ్ళి ట్యూబు తెచ్చింది. నీళ్ళు నింపి, చుట్టను విదిలించి, గాలి పోగొట్టింది. అందరి ముందూ రెండు కొనలూ కలిపి చూపించింది. నీళ్ళు రెండింట్లోనూ ఒక్క ఎత్తున నిలిచాయి. "మంగా, నువ్వు ఈ కొన పట్టుకోని మార్కు చూడు" అంది. నా వైపు తిరిగి, "నువ్వు ఆ కొన తీసుకోని తూము కాడికి పో" అంది.

నేను ఇల్లు చుట్టి వెళ్ళాను. అంతవరకూ నేను ఆ చివర నిలబడలేదు. అక్కడి నుంచి ఎవరూ కనబడరు. చేతిలో ట్యూబు, అందులో ఊగే నీళ్ళు, గోడ అవతల నుంచి ఒక గొంతు, అంతే. "పైకి పాపా, కొంచెం, ఇంక కొంచెం. చాలు, నిలుపు" అంది మంగమ్మ. గొంతులో కసి లేదు, తొందర లేదు. నీళ్ళు నా పాత మార్కుకు రెండు వేళ్ళు కిందికి వచ్చి నిలిచాయి. తూము వైపు నేల అంత ఎత్తు లేచిందన్నమాట. నాకు అక్కడే ఏడుపొచ్చింది. చెంపలు తుడుచుకుని తిరిగొచ్చేసరికి అందరూ అక్కడే ఉన్నారు.

మునెమ్మ గొంతు మామూలుగానే ఉంది.

"ట్యూబు బాగుండాది, నీళ్ళు బాగుండాయి. ఆ పొద్దు కొనలు కలిపినప్పుడు నీళ్ళు యాడ నిలిచినాయి పాపా?"

అడిగి ఆగింది. ఆకు నమలడం కూడా మానేసి నా ముఖం చూస్తూ ఆగింది. ఇంజనీరు ఏదో అనబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"కలపలేదు పెద్దమ్మా," అన్నాను. "మంగక్క కలుపుదామంది. నేనే వద్దన్నాను. నువ్వు అడిగితే కలిపానని అబద్ధం చెప్పాను."

ఇంజనీరు గొంతు సవరించుకుని, కొత్తగా వచ్చిన పిల్ల, పొరపాట్లు సహజం, ఇకమీద జాగ్రత్తగా ఉంటుంది అని టీచరమ్మకు సర్దిచెప్పడం మొదలుపెట్టాడు. తప్పించుకున్నానని నాకు ఊపిరి ఆడింది. అప్పుడు మునెమ్మ ట్యూబు చుట్ట భుజాన వేసుకుని ఆయన ముందుకు వెళ్ళి నిలబడింది.

"సార్, అది మంగ తప్పు అనుకున్నప్పుడు రేపట్నించి రావద్దంటిరి. ఈ పాప తప్పు అని తెలిసినాక పొరపాటు సహజం అంటా ఉండారు. ఏదో ఒకటి చెప్పండి సార్, రెండు కొనలకీ ఒకటే చెప్పండి. పంపిచ్చేస్తే ఈ పాపను పంపిచ్చండి. ఉంచుకుంటే ఇద్దర్నీ ఉంచండి. లెవెల్ అంటే అదే గదా."

నేను ఆ మాటను ఇంజనీరింగు పుస్తకాల్లో చదివాను, సినిమావాళ్ళ నోట విన్నాను, నేనే లెక్కలేనన్నిసార్లు వాడాను. సరైన అర్థంలో వాడగా వినడం అదే మొదటిసారి. గోడకూ మనిషికీ ఆమె ఒక్క అర్థంతోనే వాడింది. టీచరమ్మ తల ఊపి, "ఆమె చెప్పింది కరెక్టు, మిస్టర్" అంది. ఇంజనీరు ఇద్దరినీ ఉంచుకున్నాడు. అయిష్టంగానే అనుకోండి.

నేల పగలగొట్టే పని నాకూ మంగమ్మకూ పడింది. బూట్లు విప్పి సుత్తీ ఉలీ పట్టాను. మొదటిరోజు క్షమించమని అడిగితే, ఆమె "ముందర ఆ పక్క నుంచి కొట్టుకోనిరా" అంది. రెండో రోజూ అంతే. మూడో రోజు మధ్యాహ్నం నా అరచేతుల్లో బొబ్బలు చూసి, తన క్యారియర్ మూత తీసి చింతకాయ పచ్చడి నా అన్నం మీద వేసింది. ఆమె నాతో మామూలుగా మాట్లాడటానికి ఇంకో రెండు నెలలు పట్టింది, అది నాకు న్యాయంగానే తోచింది.

మునెమ్మ దేవతేమీ కాదు. తప్పుగా ఇటుక పెట్టినవాడి ముందే ఆ వరస కూలగొట్టేది. ఆటోవాళ్ళతో రోజూ గొడవే. కోడలి విషయంలో ఆమె చెప్పే నీతి ఆమెకే గుర్తుండేది కాదు. కొడుకు చెప్పిందే విని కోడల్ని తిట్టి వచ్చిన రోజున, "పెద్దమ్మా, ఇంట్లో నువ్వు ఒక్క కొనే పట్టుకుంటావు" అన్నాను. నా తొడ గిల్లి, "ఇంట్లో ట్యూబు చాలదు మే" అని పగలబడి నవ్వింది. అయితే ఆ వారంలోనే కోడలికి కొత్త చీర కొన్నదని తర్వాత తెలిసింది.

ఆమె దగ్గర ఆరేళ్ళు పనిచేశాను. తర్వాత సొంతంగా పనులు పట్టుకోవడం మొదలుపెట్టాను. ఇవాళ నా కింద ముప్పై మంది ఉన్నారు. మేం వేసిన నేల మీద నీళ్ళు పోసి చూసుకోమని నేనే యజమానులకు చెబుతాను, భయం లేదు. మంగమ్మ నా పెద్ద మేస్త్రీ. తాపీ ఆమెకు మునెమ్మే నేర్పింది, ఎర్ర నేల నున్నగా తీయడంతో సహా.

మునెమ్మ పోయేముందు గుడియాత్తంలో ఆమె ఇంటికి వెళ్ళాను. మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. బాగా చిక్కిపోయింది, నోట్లో ఆకు మాత్రం ఉంది. ఎన్నేళ్ళుగానో లోపల ఉన్న ప్రశ్న అడిగాను.

"పెద్దమ్మా, ఆ రోజు నువ్వు నన్ను అడగకముందే నీకు తెలుసా?"

"నీళ్ళు పోసినప్పుడే తెలిసిపోయినాది. మంగ నీ తట్టు చూస్తా ఉండాది, నువ్వు నేల తట్టు చూస్తా ఉండావు."

"తెలిసినదానివి నువ్వే చెప్పేయొచ్చు కదా. ఎందుకు అడిగావు?"

ఆమె నా చెయ్యి తీసుకుని అరచెయ్యి తిప్పి చూసింది, కాయలున్నాయో లేవో అని కాబోలు.

"నేను చెప్పింటే నువ్వు దొరికిపోయినదానివి అయ్యుంటావు. తల దించుకోని ఊరికి పోయుంటావు. నువ్వే చెప్పినావు, అందుకే నిలిచినావు. అంత మాత్రానికి రవ్వంతసేపు ఆగితే నా సొమ్మేం పోయినాది?"

ఆ మాటలు విన్న రోజున బస్సులో పరదరామి దాకా ఏడుస్తూ వచ్చాను. కండక్టరు టికెట్టు ఇచ్చి ఏమీ అడగకుండా వెళ్ళిపోయాడు.

పోయిన నెల మా సైటులో ఒక కొత్త సూపర్‌వైజరు, స్లాబుకు ఇనప కడ్డీలు ఒక వరస తక్కువ కట్టించి, సరిగ్గానే ఉన్నాయని నాకు చెప్పాడు. తప్పు నా కంటికి కనబడుతూనే ఉంది. కడ్డీలు కట్టిన కూలీలు గోడవారగా నిలబడి అతని వైపే చూస్తున్నారు. నేను అడిగాను, "వరసలు లెక్కపెట్టినప్పుడు ఎన్ని వచ్చాయి నాయనా?" అని. అడిగి ఆగాను. కాంక్రీటు బండి వీధిలో డ్రమ్ము తిప్పుకుంటూ నిలబడి ఉంది, డ్రైవరు హారను కొడుతున్నాడు. మంగమ్మ నా పక్కకు వచ్చి మెల్లగా అంది, "ఎంతసేపు ఆగతావు మే?"

"పెద్దమ్మ నాకోసం ఆగినంతసేపు" అన్నాను.